తెర మీద సగం, గోడ మీద సగం

నిన్న ఒంగోల్లో స్కోప్ సినిమాకెళ్లాం. స్కోప్ అంటే బాగా వెడల్పుగా తీసిన బొమ్మ. తెరేమో స్కోప్‌ది కాదు. పైనా కిందా ఖాళీ పట్టీలు. అవైనా నల్లగా ఉన్నాయా? బూడిద రంగు! పైనా కిందా నల్లగుడ్డ కప్పితే పోయేదానికి అంత బద్ధకమా? పైగా బొమ్మ కుడి అంచు పక్కగోడ మీద పడుతోంది. హీరోయిన్ భుజం గోడ సున్నం మీద కనిపిస్తుంటే కథలో మనసెట్లా నిలుస్తుంది? ఇంటర్వెల్లో వెళ్లి హాలతనికి చెబితే, "అందరూ చూస్తుండారు కదా, నీకేంది?" అన్నాడు. అందరూ ఊరుకుంటే సరైపోతుందా? టికెట్ డబ్బులు పూర్తిగానే తీసుకున్నారు కదా!

ఇంట్లో ఇంకో బాధ. టీవీ వెడల్పు, ఎత్తుల లెక్క 16:9, సినిమాది ఇంకా వెడల్పు, 2.39:1. టీవీలో పావు వంతు నల్లగా ఉండాల్సిందే. అది లోపం కాదు మామయ్యా అన్నా వినడు, రిమోట్‌తో జూమ్ నొక్కేస్తాడు. చెరో అంచున నిలబడి మాట్లాడుకునే ఇద్దరికీ సగం సగం మొహాలే మిగిలాయి. కెమెరామన్ అంత కష్టపడి ఫ్రేము పెట్టింది ఇందుకా?

తెలుగులో తొలి స్కోప్ సినిమా 'అల్లూరి సీతారామరాజు' 1974లో వచ్చింది. యాభై ఏళ్లు దాటిపోయాయి. 2019లో సూళ్లూరుపేటలో వంద అడుగుల తెర కట్టారు. అంటే మనవాళ్లకు చేతకాక కాదు. ఆటకు ముందు ఒక్కసారి తెర వైపు చూడరేం?