మా వాడి అభిప్రాయం, 250 పదాలకు తగ్గకుండా

మన పిల్లల అభిప్రాయం ఏమిటో తెలుసుకోవాలని తహతహలాడే పరీక్ష ఈ భూమ్మీద ఒకటి ఉందని, అందుకు తిరిగి మన దగ్గరే 17 వేల రూపాయలకు తగ్గకుండా పుచ్చుకుంటారని నాకు ఈ వేసవిలోనే తెలిసింది. దాని పేరు ఐఈఎల్‌టీఎస్, విదేశాలకు చదువుకు వెళ్ళదలచినవారి ఇంగ్లీషును కొలిచే పరీక్ష. మా విశాఖలో కోచింగులకు పెట్టింది పేరైన ద్వారకానగర్‌లో ఐయెల్ట్స్ అంటారు. నేను అక్షరం అక్షరం విడదీసి పలికితే మా అబ్బాయి సరిదిద్దాడు. వాడు పుట్టిన ఈ 22 ఏళ్ళలో నన్ను సరిదిద్దడం అదే మొదలు. పరీక్ష మహిమ నాకు అప్పుడే అర్థం కావలసింది.

ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర దిగి ద్వారకానగర్ సందుల్లోకి వెళ్ళేవారు తల పైకెత్తి నడవాలి. కింద టిఫిన్ బండ్లు, వాటి మీద కన్సల్టెన్సీలు, వాటి మీద కోచింగులు. బోర్డుల నిండా పిల్లల పాస్‌పోర్టు ఫొటోలు, ప్రతి ముఖం పక్కనా ఒక అంకె: 7, 7.5, 8. పరీక్షలో వచ్చిన ఆ అంకెను బ్యాండు అంటారు. ఒకప్పుడు సంబంధాలు చూసేవారు జాతకం అడిగేవారు, తరవాత జీతం అడిగారు. మొన్న ఎం.వి.పి. కాలనీ నుంచి దూరపు బంధువు ఒకావిడ ఫోను చేసి "అబ్బాయికి బ్యాండు ఎంత వదినా?" అని అడిగింది. "ఇంకా ముహూర్తమే పెట్టుకోలేదు, అప్పుడే బ్యాండు వాళ్ళకు బయానా ఎందుకు ఇస్తాం?" అన్నది మా ఆవిడ. ఆ సంబంధం మళ్ళీ ఫోను చేయలేదు.

సంగతి తెలియనివారి కోసం క్లుప్తంగా మనవి చేస్తాను. వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం అని నాలుగు విభాగాలు. ఒక్కొక్కదానికి 9 వరకు బ్యాండు. నాలుగింటి సగటు 6.25 వస్తే దాన్ని 6.5 చేసి ఇస్తారు. తెల్లవాడు మనకు పావలా వదిలిపెట్టడం నాకు తెలిసిన చరిత్రలో ఇది ఒక్కటే. అయితే వచ్చిన బ్యాండు రెండేళ్ళే చెల్లుతుంది. ఇంగ్లీషుకు కూడా పాల ప్యాకెట్టులాగా గడువు తేదీ ఉంటుందని మా వీధిలో ఉండే విశ్రాంత ఇంగ్లీషు అధ్యాపకుడికి చెప్పాను. ఆయన ఆ పూటంతా ఎవరితోనూ మాట్లాడలేదు. సాయంత్రం మాట్లాడారు, తెలుగులో.

మొదటిది వినడం. అరగంట పాటు రికార్డింగు వినిపిస్తారు, 40 ప్రశ్నలు. ఏదైనా ఒక్కసారే వినిపిస్తారు. ఇదే మా ఇంటి సంస్కృతికి పెద్ద దెబ్బ. మా ఇంట్లో ఏ మాటా ఒక్కసారి చెబితే విన్న దాఖలా లేదు. ఇడ్లీ చల్లారిపోతోందన్న సమాచారం వాళ్ళమ్మ నోట కనీసం నాలుగు సార్లు వెలువడితే తప్ప వాడికి చేరదు. నాలుగోసారి ఆవిడ చెప్పే తీరును ఏ రికార్డింగులోనూ వినిపించరు కాబట్టి, వాడికి ఆ విభాగంలో సాధన లేకపోయింది.

విన్నదాన్ని తప్పు లేకుండా రాయాలి కూడా. మా అబ్బాయి ఒక మాక్ టెస్టులో ‘అకామడేషన్’ అన్న మాటకు రెండు ‘సి’లు సరిగ్గానే వేసి, ‘ఎం’ దగ్గర పొదుపు పాటించాడు. మార్కు పోయింది. నాకు కొంచెం ఒళ్ళు మండింది. ఇంగ్లీషువారు ఇక్కడ ఉన్నన్నాళ్ళూ మన ఊరి పేరును వైజాగపటం అని రాసుకున్నారు. ఎవరైనా మార్కు కోశారా? నిజానికి ఈ బాధ మనకు తప్పే అవకాశం ఒకసారి వచ్చింది. 1804 సెప్టెంబరులో ఫ్రెంచి యుద్ధనౌకలు ఇక్కడి తీరంలో ఆగి ఉన్న ఇంగ్లీషు ఓడల మీద విరుచుకుపడ్డాయి. ఒక వర్తకనౌకను పట్టుకుపోయాయి, ఊరిని మాత్రం వదిలేసి పోయాయి. ఊరిని కూడా పట్టుకుపోయి ఉంటే ఇవాళ మా వాడు ఫ్రెంచి కోచింగుకు యానాం వెళ్ళి వచ్చేవాడు. ‘ఎం’లు అక్కడ ఎన్ని వేయాలో ఆ దేవుడికే తెలియాలి.

చదవడంలో అసలు తంటా అంతా ఒక రకం ప్రశ్నలతోనే. ఒక వ్యాసం ఇచ్చి, కింద కొన్ని వాక్యాలు రాసి, ఒక్కొక్కటి నిజమో, అబద్ధమో, లేక ఆ సంగతి వ్యాసంలో చెప్పనే లేదో తేల్చమంటారు. నిజం మనకు తెలుసు, అబద్ధం ఇంకా బాగా తెలుసు. ఈ మూడోదే మన జాతి ఎరగనిది. ఒక ఉదాహరణ చెబుతాను. ‘ఒక పెద్దాయన రోజూ తెల్లవారుజామున బీచ్‌రోడ్డులో నడుస్తారు’ అని వ్యాసంలో ఉందనుకోండి. ‘ఆయనకు షుగరు ఉంది’ అన్న వాక్యానికి జవాబు ఏమిటి? విశాఖలో పుట్టి పెరిగిన ఎవరిని అడిగినా కళ్ళు మూసుకుని ‘నిజం’ అంటారు. తప్పట! వ్యాసంలో ఆ సంగతి చెప్పలేదట. చెప్పవలసిన అవసరం ఏముందండీ? చెప్పనిది తెలుసుకోవడానికే కదా ఇరుగుపొరుగు ఉన్నది! పక్కవాటాలో అమ్మాయి హైదరాబాదు నుంచి పెట్టెతో దిగితే, ఆ పెట్టె మెట్లెక్కేలోపు ఉద్యోగం పోయిందని ఒకరు, ప్రేమ వ్యవహారమని ఒకరు, రెండూ అని ఒకరు నిర్ధారించిన అపార్ట్‌మెంటు మాది. అలాంటి చోట పెరిగిన పిల్లవాణ్ణి ‘ఇచ్చిన సమాచారం దగ్గర ఆగు’ అంటే వాడు ఎలా ఆగుతాడు? ఈ ఒక్క రకం ప్రశ్న మన అపార్ట్‌మెంటు సంఘాల సమావేశాల్లో నిర్బంధంగా పెట్టాలని నేను మా కార్యదర్శికి లేఖ ఇచ్చాను. ఆ లేఖ నేను ఎందుకు ఇచ్చానో అప్పటికే అందరికీ తెలిసిపోయింది.

ఇక రాయడం. గంటలో రెండు రాయాలి. మొదటిది ఏదో పటాన్ని చూసి గీత పైకి వెళ్ళింది, కిందికి వచ్చింది అని 150 పదాల్లో చెప్పడం. దాని సంగతి వదిలేద్దాం, విశాఖ ఎండల్లో సముద్రపు గాలి కోసం ఎదురుచూసేవాడు ఎవడైనా రాయగలడు. రెండోదానికి రెట్టింపు విలువ. కనీసం 250 పదాల్లో అభిప్రాయం చెప్పాలి. కోచింగులో మా వాడికి మొదటి రోజే ఇచ్చిన ప్రశ్న ఇది: పిల్లలు తమ చదువును, వృత్తిని తామే ఎంచుకోవాలని కొందరంటారు. మీరు ఎంతవరకు ఏకీభవిస్తారు?

ఇక్కడ మా వాడి జీవిత చరిత్ర కొంచెం చెప్పాలి. ఇంటర్లో ఎంపీసీ మా బావమరిది నిర్ణయం. బీటెక్‌లో మెకానికల్ వాడి ర్యాంకు తీసుకున్న నిర్ణయం. విదేశాలకు వెళ్ళడం వాళ్ళమ్మ నిర్ణయం. ఏ దేశమన్నది కన్సల్టెన్సీ వారూ, బ్యాంకు లోను ఇచ్చేవారూ కూర్చుని తేల్చవలసి ఉంది. ఈ మొత్తంలో నా పాత్ర సంతకాలు. అటువంటి పిల్లవాడు ఆ రాత్రి తెల్ల కాగితం పట్టుకుని నా దగ్గరకు వచ్చి, "నాన్నా, దీని మీద మనం ఏమనుకుంటాం?" అని అడిగాడు.

నేను ఆలోచించి చెబుతానన్నాను. నేను కూడా మా నాన్నను అడిగి చెప్పేవాణ్ణే కానీ, ఆయన లేరు.

మర్నాడు కోచింగులో మాస్టారు ఆ చిక్కు అరనిమిషంలో విడగొట్టారు. "నువ్వు ఏమనుకుంటున్నావో ఎవరికి కావాలి? ఏ పక్షానికి నీ దగ్గర మాటలు ఎక్కువ ఉంటే అదే నీ అభిప్రాయం" అన్నారట. ఇంత గొప్ప సూత్రాన్ని నేను టీవీ చర్చలు ఏళ్ళ తరబడి చూస్తూ కూడా పట్టుకోలేకపోయాను. అక్కడితో ఆగకుండా ఆయన టెంప్లేటు అనేది కూడా ఇచ్చారు. అంటే పోత పోసే మూస. అంశం ఏదైనా సరే, జంతు ప్రదర్శనశాలలు గానీ, సెల్‌ఫోన్లు గానీ, జైళ్ళు గానీ, మొదటి వాక్యం ఒకటే, చివరి వాక్యం ఒకటే. మధ్యలో జంతువునో ఫోనునో పెట్టుకోవాలి. బట్టీ పట్టినదాన్ని పరీక్షకులు పసిగట్టి మార్కులు తగ్గిస్తారని కూడా మాస్టారే చెప్పి, పసిగట్టకుండా బట్టీ పట్టడం ఎలాగో నేర్పడానికి ప్రత్యేక తరగతి పెట్టారు. ఫీజు వేరు.

మూస చివరికి మా వంటింట్లోకి వచ్చింది. ఒక రోజు వాళ్ళమ్మ "సాంబారులో ఉప్పు సరిపోయిందా?" అని అడిగింది. వాడు గొంతు సవరించుకుని, "ఈ రోజుల్లో ఉప్పు మన జీవితాల్లో విడదీయలేని భాగమైపోయింది. ఉప్పు వల్ల మేలు అని కొందరు, కీడు అని కొందరు భావిస్తారు. నేను రెండు వైపులా పరిశీలించి..." అన్నాడు. "ఎక్కువైందా తక్కువైందా చెప్పరా" అన్నది ఆవిడ. వాడు ఆ ప్రశ్నకు నిజంగానే ఇబ్బంది పడ్డాడు. అటువంటి దానికి మూస ఇవ్వలేదు.

మాట్లాడే పరీక్ష 11 నుంచి 14 నిమిషాలు. మొదట సొంత ఊరి గురించి అడగడం మామూలు. ఇందులో విశాఖ పిల్లలకు లోటు లేదు, అందరికీ కురుసుర ఉంది. ఆ జలాంతర్గామి 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, మరుసటి ఏడాది నుంచి ఆర్.కె. బీచ్‌లో మ్యూజియంగా ఉంటున్నది. సముద్రం అడుగున అది చేసిన సేవ ఒక ఎత్తు, పరీక్ష గదుల్లో మన పిల్లల పరువు కోసం చేస్తున్న సేవ ఒక ఎత్తు. లోపల ఎన్ని పడకలు ఉన్నాయో నావికుల కంటే పరీక్షకులకే బాగా తెలిసి ఉంటుంది.

తరవాత ఒక కార్డు ఇచ్చి, ఒక్క నిమిషం ఆలోచించుకోనిచ్చి, రెండు నిమిషాల దాకా మాట్లాడమంటారు. కాగితం, పెన్సిలు కూడా ఇస్తారు. ‘మీకు సాయం చేసిన ఒక అపరిచితుడి గురించి చెప్పండి’ వంటివి. అనుభవాలు లేని పిల్లలకు కోచింగువారే అనుభవం సరఫరా చేస్తారు. మా వాడి బ్యాచికి ఇచ్చిన అనుభవం ఏమిటంటే: జగదాంబ కూడలిలో పర్సు పోయింది, ఆటో డ్రైవరు ఇల్లు వెతుక్కుంటూ వచ్చి తెచ్చి ఇచ్చాడు. బ్యాచిలో 18 మంది. 18 మందికీ అదే కూడలిలో పర్సు పోయింది, అదే మహానుభావుడు తెచ్చి ఇచ్చాడు. అంతకుముందు బ్యాచికీ ఆయనే. ఇన్ని ఇళ్ళు తిరుగుతూ ఆయన ఆటో ఎప్పుడు నడుపుకుంటున్నాడన్న అనుమానం పరీక్షకులకు ఇంకా రాలేదు. ఒక్క మా వాడే మాక్ టెస్టులో తడబడ్డాడు. కార్డు మారి ‘మీరు స్వయంగా తీసుకున్న ఒక నిర్ణయం’ అని వచ్చింది. చాలాసేపు వెతుక్కుని, కైలాసగిరికి మెట్ల దారిన కాకుండా రోప్‌వేలో వెళ్ళడం గురించి చెప్పాడట. నలభై సెకన్లలో అయిపోయింది.

వేరే పరీక్షలు లేవా అంటే ఉన్నాయి. పీటీఈ అని ఒకటి, మార్కులు చాలావరకు యంత్రమే వేస్తుంది. ఒకే గదిలో అందరూ ఎవరి మైకులో వారు ఏకకాలంలో మాట్లాడుతూ ఉంటారు. పూర్ణా మార్కెట్టులో బేరమాడి పెరిగినవారికి అది సొంత ఇంటిలాగే ఉంటుందని నా నమ్మకం. డుయోలింగో అని మరొకటి, ఇంట్లోనే గది తలుపు వేసుకుని ఒంటరిగా రాయవచ్చు. మా ఇంట్లో తలుపు వేసుకుంటే ఎవరూ తీయకుండా గంటసేపు ఉండడం ఇంగ్లీషు కంటే కష్టం కనుక అటు పోలేదు.

ఫలితం వచ్చింది. వినడం 7, చదవడం 7, మాట్లాడడం 6.5, రాయడం 5.5. సగటు 6.5. సంతోషించబోతుండగా కన్సల్టెన్సీ వారు ఆపారు. మొత్తం 6.5 ఉంటే చాలదు, ఏ విభాగంలోనూ 6కు తగ్గకూడదని విశ్వవిద్యాలయం షరతు. అంటే మా వాడి అభిప్రాయం అర బ్యాండు తగ్గింది. ఉక్కు ఫ్యాక్టరీ సాధించుకున్న ఊరు మాది, ఈ మాత్రం అభిప్రాయం సాధించుకోలేమా అని వాళ్ళమ్మకు రోషం వచ్చింది. కంప్యూటరు మీద రాసినవారు 60 రోజుల్లోపు ఆ ఒక్క విభాగాన్నే మళ్ళీ రాయవచ్చునట. మనం సప్లీ అనేదాన్నే వారు ఏదో మర్యాదగా పిలుస్తారు. మళ్ళీ ఫీజు కట్టాను, సంతకం పెట్టాను.

ఆ రాత్రి భోజనాల దగ్గర నాకు ఏమి తోచిందో, "అసలు నీకు వెళ్ళాలని ఉందా?" అని అడిగాను.

వడ్డిస్తున్న వాళ్ళమ్మ గరిటె ఆగింది. వాడు ముద్ద కలపడం ఆపి నా వైపు చూశాడు.

"ఎన్ని పదాల్లో చెప్పాలి నాన్నా?"

"నీ ఇష్టం" అన్నాను.

"ఏమన్నారు?" అన్నాడు, వినడంలో 7 తెచ్చుకున్నవాడు.