బండ మారదు కదా అన్నయ్యా!

మా తోడల్లుడు చూసిన చోటికి మళ్ళీ వెళ్ళడు. అది ఆయన వ్రతం. లదాఖ్ అయిపోయింది, ఐస్‌లాండ్ అయిపోయింది, నార్వే వచ్చే దసరాకు అయిపోతుంది. ‘చూశాను’ అనడు, ‘అయిపోయింది’ అంటాడు, రేషన్ షాపువాడు కందిపప్పు గురించి చెప్పినట్టు. అలాంటి మనిషి ముందు, హైదరాబాదు ఖాజాగూడ గుట్టల్లో ఒకే బండను తొమ్మిదేళ్ళుగా ఫోటో తీస్తున్నానని నోరు జారడం నా తప్పే.

“మళ్ళీ అదేనా? బండ మారదు కదా అన్నయ్యా!”

నిజమే. సుమారు 250 కోట్ల ఏళ్ళ గ్రానైటు. భూమి లోపల గట్టిపడి, పైనున్నదంతా అరిగిపోయాక బయటపడి, పగుళ్ళలోకి దిగిన నీళ్ళు మూలలన్నీ కొరికేస్తే, ఎవరో పేర్చిపెట్టినట్టు ఒకదాని మీద ఒకటి నిలబడింది. అంత తీరికగా తయారైనదాన్ని ఒక్క ఆదివారం పొద్దున ముగించడం నాకు చేతకాలేదు. మొదటి రెండేళ్ళు తీసినవన్నీ క్యాలెండరు బొమ్మలే. వాన వెలిశాక పది నిమిషాలపాటు ఆ బండ నడుమున ఒక నీటి చార మెరుస్తుందని మూడో ఏడు జులైలో తెలిసింది. ఆ చార పక్కన పగులులో ఒక సీతాఫలం మొక్క. దాని కిందకే ఎర్రబారిన మగతొండ వచ్చి ఎండ కాచుకునేది.

దగ్గర్లో కొత్తగా వేసిన కంచెకు కాపలా ఉన్నాయనకు మాత్రం నా మీద అనుమానం.

“మళ్ళీ వచ్చారు, ఏమైనా పోగొట్టుకున్నారా సార్?” లేదన్నాను.

“స్థలం కొంటారా?” లేదన్నాను.

“సర్వేనా?” ఫోటో అన్నాను.

“ఎవరిది?”

బండదన్నాను. ఆయన బండను చూశాడు, నన్ను చూశాడు, మా ఇద్దరిలో ఎవరు గట్టివాళ్ళో తేలక బీడీ వెలిగించాడు. తర్వాతిసారి కుర్చీ తెచ్చి వేశాడు, పెళ్ళిచూపులకొచ్చిన వాడికి వేసినట్టు. ఆపై ఏడాదికి ఆయనే, “ఇవాళ మబ్బు సార్, అది బాగా పడదు, రేపు రండి” అని వెనక్కి పంపేవాడు.

ఆ రేపుల్లో ఒకనాడు వెళితే బండ ఒంటి మీద వరసగా బెజ్జాలు. నెల తిరక్కుండా సగం. పండగ వెళ్ళాక కంకర.

1996 నుంచి ఒక సంఘం ఈ బండల్ని బతకనివ్వండని మొత్తుకుంటూనే ఉంది. కొన్ని వారసత్వ సంపద జాబితాకెక్కాయి కూడా. జాబితాకెక్కనిది రాయి కాదా? 250 కోట్ల ఏళ్ళు నిలబడ్డదాన్ని మందుపెట్టి పేల్చి, లారీలకెత్తి, పైగా దాన్ని ‘చదును చేయడం’ అంటారా? సిగ్గు లేదూ! వీళ్ళకు కావలసింది మా తోడల్లుడి లాంటి యాత్రికులే. ఒకసారి వస్తారు, ‘అయిపోయింది’ అంటారు, అక్కడ ఏముండేదో ఏనాడూ అడగరు.

మొన్న తొమ్మిదేళ్ళ ఫోటోలూ ఆయన ముందు పెట్టాను. పకోడీ నములుతూ చకచకా తిప్పేసి, ఆఖరిదాని దగ్గర ఆగాడు.

“ఇది బాగా వచ్చిందన్నయ్యా! అడ్డం ఏమీ లేదు, ఆకాశం మొత్తం పడింది.”