గుణదలలో అన్నదానం సరే, పనావిడ జీతం సంగతేంటి?

ఈస్టర్‌కి ముందు వచ్చే తపస్కాలం రాగానే మన కతోలికులం పాపసంకీర్తనానికి, అంటే ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి, బారులు తీరతాం. ఎవరు లోపల ఏం చెప్పుకుంటారో ఆ దేవుడికి, ఫాదర్‌కి తప్ప తెలియదు. కానీ మనం బయట మాట్లాడుకునే పాపాల లిస్టు మాత్రం అందరికీ తెలిసిందే. ఆదివారం పూజ మానేయడం, శుక్రవారం మాంసం తినడం, సినిమాలు, మందు. జ్వరమొచ్చి రెండు రోజులు రాని పనావిడ జీతం కోయడం ఆ లిస్టులో ఎప్పుడైనా విన్నారా? ఇల్లు కట్టాక మేస్త్రీ ఆఖరి బాకీని ఆరు నెలలు తిప్పడం?

మన తిరుసభ, అంటే కతోలిక సంఘం, మాత్రం కూలి ఎగ్గొట్టడాన్ని ఎక్కడ పెట్టిందో చూడండి. 'ఆకాశానికి మొరపెట్టే పాపాలు' అని కొన్నిటిని వేరుగా లెక్కించింది. అన్న చేతిలో హతమైన హేబెలు రక్తం, ఐగుప్తులో బానిసల ఏడుపు, పరదేశుల, విధవరాళ్ల, అనాథల మొర, వాటితో పాటే కూలివాడికి చేసిన అన్యాయం. తిరుసభ బోధనలన్నీ ఒకచోట చెప్పే 1992 నాటి సత్యోపదేశ గ్రంథం 1867వ పేరాలో ఉంది. హత్య పక్కన కూలి డబ్బులండీ! అంతకు వందేళ్ల ముందే, 1891లో, పదమూడో లియో పాపుగారు (పోప్) కూడా కూలి ఎగ్గొట్టడం దేవుడి ఆగ్రహానికి మొరపెట్టే మహానేరమని రాశారు.

"ఎగ్గొట్టలేదు, కాస్త లేటైంది అంతే" అంటారు. పొద్దు గుంకక ముందే కూలి ఇచ్చేయమని బైబిల్లోని ద్వితీయోపదేశకాండం చెబుతోంది. పేదవాడు దాని మీదే ప్రాణం పెట్టుకుని ఉంటాడట. మనకేమో పదో తారీఖు దాటినా టెన్షన్ ఉండదు.

పాపసంకీర్తనం చేస్తే పోతుందనుకోవడం ఇంకో సౌకర్యం. క్షమాపణ దొరుకుతుంది, నిజమే. బాకీ మాత్రం అలాగే ఉంటుంది. దోచుకున్నది తిరిగి ఇవ్వాల్సిందేనని అదే సత్యోపదేశ గ్రంథం 2412వ పేరా అంటోంది. సువార్తలో పన్నులు వసూలు చేసే జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. మనం మరియమాతకు మూడు మంగళవార్త జపాలు చెప్పుకుని ఇంటికొచ్చేస్తాం.

ఫిబ్రవరిలో విజయవాడ గుణదల కొండ మీద జరిగే మరియమాత తిరునాళ్లకు అన్నదానాలు చేసేవాళ్లను నేను తప్పు పట్టడం లేదు. ఎండలో కొండెక్కి దిగేవాళ్లకు ఆ పులిహోర పొట్లం విలువ తెలుసు. కానీ న్యాయంగా ఇవ్వాల్సిందాన్ని దానంగా ఇవ్వకూడదని ప్రపంచ బిషప్పులంతా కూడిన రెండో వాటికన్ మహాసభ 1965లోనే తేల్చేసింది. ముందు బాకీ, తర్వాతే దానం. కూలీల డబ్బులు ఆపి వండించిన అన్నం మీద దాత పేరుతో ఫ్లెక్సీ ఒకటి!

ఫాదర్లకూ ఒక విన్నపం. ఈ మాట ప్రసంగంలో చెప్పే ముందు మన గుడి ఊడ్చే ఆవిడకు, ఊళ్లు తిరిగి మతబోధ చేసే ఉపదేశికి, మన బడిలో పాఠాలు చెప్పే టీచరమ్మకు నెలకు ఎంత ఇస్తున్నారో, ఏ తారీఖున ఇస్తున్నారో నోటీసు బోర్డులో పెట్టండి.