మహారాజశ్రీ ఫుట్‌పాత్ గారికి

మహారాజశ్రీ ఫుట్‌పాత్ గారికి, పదకొండేళ్లుగా మీ మీదుగానే బజారుకు వెళ్లొస్తున్న పాదచారి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం, నా ఎడమ చీలమండ తప్ప. మీరూ క్షేమమేనని తలుస్తాను. మిమ్మల్ని ఎవరూ ముట్టుకోవడం లేదు కదా.

ముందుగా కృతజ్ఞతలు. జిమ్‌లో డబ్బు కట్టి ఊగే చెక్క మీద నిలబడేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. అదే సేవ మీరు గుమ్మం ముందే ఉచితంగా చేస్తున్నారు. కిరాణా కొట్టు నుంచి మందుల షాపు దాకా ఊగే బండలు నాలుగు, నాలుగు వేళ్లు పైకి లేచిన మ్యాన్‌హోల్ మూత ఒకటి, ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి, దాని పక్కనే ఇడ్లీ బండి వాళ్ల నీళ్ల డ్రమ్ము. పాదచారుల సౌకర్యాల మీద, రోడ్లకు ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ అనే సంస్థ 2012లో వేసిన మార్గదర్శకాల ప్రకారం మీ ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదట. మా ఎదురింటి గేటు దగ్గర మీరు దాదాపు నా మోకాలి దాకా వచ్చారు. ఎదిగినవారు, ఏమంటాం.

మీకు తెలుసో లేదో, చదునైన నేల మీద కాలు ముందుకు వేసేటప్పుడు మన కాలివేళ్లు నేలకు ఒకటి రెండు సెంటీమీటర్ల ఎత్తులోనే పోతాయి. అంతకంటే ఎత్తితే దండగ అని మెదడు లెక్క. నూనె చుక్కలు లెక్కపెట్టే మా బామ్మ పొదుపు అది. మీరు ఒక్క వంకర టైల్‌తో ఆ పొదుపుకు గండి కొడతారు. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్లు 2013లో, రెండున్నర సెంటీమీటర్ల వరకు తేడాతో చెక్కముక్కలు అతికించిన ట్రెడ్‌మిల్ మీద మనుషుల్ని నడిపిస్తే ఒంటి శక్తి ఖర్చు 28 శాతం పెరిగింది. రెండున్నర సెంటీమీటర్లకే! వాళ్లు మిమ్మల్ని చూడలేదు.

ఇక మందుల షాపు ముందరి బండ. అది మీ కళాఖండం. ఎడమ మూల తొక్కితే కుడి మూల లేస్తుంది, వాన పడిన రోజైతే సందులోంచి బురదనీళ్లు పిచికారీలా ప్యాంటు మీదకి. మొదటి వారం నాలుగుసార్లు తూలాను. తర్వాత నాకు తెలియకుండానే ఏదో మారింది. రెండడుగుల ముందే కళ్లు కిందికి దిగేవి. పిక్క, దాని ముందువైపు కండరం రెండూ ఒకేసారి బిగిసేవి. మోకాలు కాస్త వంగేది, అడుగు చిన్నదయ్యేది, పాదం సరిగ్గా నడిమధ్యన పడేది. నోట్లో మాత్రం ఫోన్ సంభాషణ నడుస్తూనే ఉండేది. ఇదంతా చిన్నమెదడు పని. బరువు చూస్తే మొత్తం మెదడులో పదో వంతు. కానీ మెదడులోని సుమారు 8,600 కోట్ల నాడీకణాల్లో 6,900 కోట్లు దాంట్లోనే ఉన్నాయి. అడుగు ఎలా పడుతుందనుకుంది, ఎలా పడింది అని రోజూ పోల్చి చూసుకుని, తేడా సర్దుకుంటూ పోతుంది. జీతం అడగదు, సెలవు పెట్టదు.

మీ ధీమా కూడా అదే కదా! రోజుకు పదిమంది మీ మీద బోర్లా పడితే వారంలో మీకు మరమ్మతు జరిగేది. మేం పడం. తూలి, నిలదొక్కుకుని, చుట్టూ ఎవరైనా చూశారా అని చూసుకుని వెళ్లిపోతాం. మా చిన్నమెదడు మీ కాంట్రాక్టరుకు జీతం లేని మేస్త్రీ.

మా అమ్మ దగ్గర మాత్రం మీ ఆటలు సాగవు. ఆవిడకి 74. అరికాళ్ల నుంచి కబురు ఆలస్యంగా వస్తుంది, చెవిలోపల తూకం చూసే యంత్రాంగమూ పాతబడింది. దారిలో ఏదైనా అడిగితే ఆగి, జవాబు చెప్పి, మళ్లీ నడుస్తుంది. మాట్లాడాలంటే నడక ఆపేసే పెద్దవాళ్లకు పడిపోయే ప్రమాదం ఎక్కువని 1997లో స్వీడన్ పరిశోధకులు గమనించారు. అది చదివాక నేను దారిలో ఆవిణ్ణి పలకరించడం మానేశాను. ఆవిడ మీ మీద నడవడమే మానేసింది. రోడ్డు మీద నుంచే వెళుతుంది. "బస్సు నడిపేవాడికి కళ్లుంటాయిరా, బండకేముంటాయి?" అంటుంది.

పోయిన నెల ఒక ఘోరం జరిగింది. ఎవరో వచ్చి ఆ మందుల షాపు బండను సిమెంటు పోసి కదలకుండా బిగించారు. నా కళ్లతో నేనే చూశాను. అయినా సాయంత్రం దాని మీద కాలు పెట్టగానే ముందుకు తూలి షాపు కౌంటర్ పట్టుకున్నాను. ఊగని బండకు నా కాలు ఊపు సర్దింది మరి. ఆగిపోయిన ఎస్కలేటర్ ఎక్కేటప్పుడు ఒళ్లు ముందుకు తూలుతుందే, అదే. లండన్ పరిశోధకులు 2003లో దీన్నే ప్రయోగం చేసి చూశారు. కదలదని ముందే చెప్పినా మనుషులు తూలారు. మనిషికి తెలుసు, కాలికి తెలియదు.

"సార్, బండ బాగుచేశారుగా!" అన్నాడు షాపు కుర్రాడు.

"తెలుసమ్మా" అన్నాను.

నాలుగు రోజులకు అలవాటైంది. ఐదో రోజు కేబుల్ వేసేవాళ్లు వచ్చి అక్కడే తవ్వి, బండను తిరిగి పెట్టి వెళ్లారు. ఇప్పుడది కుడివైపుకు ఊగుతోంది. మళ్లీ అ ఆల నుంచి మొదలుపెట్టాను.

ఇట్లు,
తమ పాదసేవకుడు