ఫ్లాపీ మీద ‘ఫార్మాట్’ నొక్కకండి

“పాత ఫ్లాపీలు పారేయకండి, ఇలా తెరవండి” అనే సందేశం నాలుగు అంశాలతో తిరుపతి, చిత్తూరు గ్రూపులన్నిటిలో తిరుగుతోంది. ఫ్లాపీ అంటే ఒకప్పుడు కంప్యూటర్ ఫైళ్లు దాచుకున్న పలుచని డిస్కు. పారేయవద్దన్న మాట మంచిదే. సందేశంలో ఆ కింద చెప్పిన పద్ధతే కొంప ముంచుతుంది.

“ఏ ఫ్లాపీ అయినా యూఎస్‌బీ డ్రైవులో తెరుచుకుంటుంది.” తెరుచుకోదు. ఆపిల్ వారి పాత మ్యాక్ కంప్యూటర్ల 800 కేబీ ఫ్లాపీలను రాసేటప్పుడు డ్రైవు తన వేగాన్ని ట్రాకులను (డిస్కు మీది వలయాలను) బట్టి మార్చుకునేది. నేటి యూఎస్‌బీ డ్రైవులకు అవి అందవు.

“ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఫార్మాట్ చేస్తే ఎక్కువ కాలం ఉంటుంది.” ఎన్‌టీఎఫ్‌ఎస్ అంటే హార్డ్‌డిస్కులకు విండోస్ వాడే ఫైళ్ల అమరిక పద్ధతి. ఫ్లాపీకి విండోస్ ఆ అవకాశమే ఇవ్వదు. అక్కడ ఉండేది ఫ్యాట్12 అనే పాత పద్ధతి.

ఇక మూడోది: “డిస్కు ఫార్మాట్ కాలేదని వస్తే భయపడకుండా ఫార్మాట్ నొక్కండి, ఫైళ్లు తర్వాత తిరిగి తెచ్చుకోవచ్చు.” ఎవరు తెచ్చిస్తారు? విండోస్‌కు అర్థం కాని ప్రతి డిస్కూ ఖాళీది కాదు. మ్యాక్‌లో దాని సొంత హెచ్‌ఎఫ్‌ఎస్ పద్ధతిలో రాసిన 1.44 ఎంబీ ఫ్లాపీని పెట్టినా విండోస్ ‘ఫార్మాట్ చేయమంటారా’ అనే ఆ ప్రశ్నే వేస్తుంది. లోపల ఫైళ్లు భేషుగ్గా ఉంటాయి. క్విక్ ఫార్మాట్ కొడితే ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టిక పోతుంది. పూర్తి ఫార్మాట్ కొడితే ప్రతి ట్రాకునూ కొత్తగా రాసేస్తుంది, ఇక వెతకడానికి ఏమీ మిగలదు. మాకు తెలిసిన ఒక తెలుగు మాస్టారు తన తండ్రిగారి హరికథలను గాంధీ రోడ్డులో డీటీపీ చేయించి ఫ్లాపీలో దాచుకున్నారు. మనవడు ఈ సందేశం చదివి నొక్కాడు. వేరే ప్రతి లేదు. దీన్ని ఫార్వర్డ్ చేసేవారు ఆ పెద్దాయనకు ఏం సమాధానం చెబుతారు?

చేయవలసింది ఇది. 3.5 అంగుళాల ఫ్లాపీని తిరగేస్తే ఒక మూలన చిన్న ప్లాస్టిక్ మీట ఉంటుంది. రంధ్రంలోంచి వెలుతురు కనబడేలా దాన్ని జరపండి. అప్పుడు ఏ కంప్యూటరూ దాని మీద రాయలేదు. రంధ్రం మూయాలని కొందరు చెబుతున్నారు; అది గాడి మీద స్టిక్కరు అంటించే పాత 5.25 అంగుళాల ఫ్లాపీల పద్ధతి. విండోస్ అడిగితే ‘క్యాన్సిల్’ నొక్కండి. లినక్స్‌లో ‘డీడీ’ (dd) ఆదేశంతో మొత్తం డిస్కుకు నకలు తీయండి. 1.44 ఎంబీ ఫ్లాపీకి సరిగ్గా 14,74,560 బైట్ల ఫైలు వస్తుంది. ప్రయోగాలన్నీ ఆ నకలు మీదే చేయండి.

నాలుగో అంశం మాత్రం అక్షరాలా నిజం. ఖాళీ ఫ్లాపీని 1.44 ఎంబీ ఫ్యాట్‌లో ఫార్మాట్ చేస్తే విండోస్, లినక్స్, 1990ల చివరి మ్యాక్‌లు మూడూ చదువుతాయి. అంటే రాసిన మనిషికి విషయం తెలుసు. తెలిసి కూడా మూడో అంశం రాశారనే నా కోపం.

ఫైలు తెరిచాక తెలుగుకు బదులు పిచ్చి అక్షరాలు కనబడితే కంగారు పడకండి. ఆనాటి డీటీపీ ఫాంట్లు యూనికోడ్‌వి (నేటి ఉమ్మడి అక్షర సంకేత పద్ధతివి) కావు. అదే ఫాంటు వేస్తే తెలుగు కనబడుతుంది. దానికీ ఫార్మాట్ అక్కరలేదు.