లెక్కకు రాని నిద్ర

యుద్ధానికి ఎంత సిద్ధంగా ఉన్నారని వైమానిక దళాన్ని అడిగితే ముందుగా వచ్చే జవాబు, ఎగరగల విమానాలెన్ని అన్నదే. వాటిని నడిపేవారు, రాత్రంతా హ్యాంగర్‌లో మరమ్మతు చేసేవారు ఎంతసేపు నిద్రపోయారన్నది ఆ పట్టికకు ఎక్కదు. ఎక్కి తీరాలన్నది మా వాదన.

యుద్ధ విమానం 9 జీ (భూమి ఆకర్షణకు తొమ్మిది రెట్ల బలం) మలుపు తీసుకున్నప్పుడు పైలట్‌కు తన ఒళ్లు తొమ్మిదింతల బరువవుతుంది. రక్తం కాళ్లలోకి దిగి మెదడుకు అందదు. చూపు అంచుల నుంచి మసకబారి, ఆపై స్పృహ తప్పుతుంది. జీ ఒక్కసారిగా పెరిగితే ఆ మసక హెచ్చరిక కూడా ఉండదు. తెలివొచ్చి విమానం మళ్లీ అదుపులోకి వచ్చేసరికి దాదాపు అర నిమిషం. నేలను ఢీకొనడానికి అంత సమయం అక్కర్లేదు. కాళ్లను, పొట్టను గాలితో నొక్కిపట్టే జీ-సూట్ ఆదుకునేది ఒకటి, ఒకటిన్నర జీ మేరకే. మిగతాది పైలట్ సాధనే: జీ మొదలవక ముందే పిక్కలు, తొడలు, పొట్ట బిగించాలి, ఊపిరి బిగబట్టి మూడేసి సెకన్లకోసారి చటుక్కున వదిలి పీల్చాలి. నీళ్లు చాలకపోయినా, నిద్ర తగ్గినా, కొన్ని వారాలు ఎగరకపోయినా ఈ ఓర్పు సడలుతుంది. సెలవు నుంచి వచ్చినవారిని తొలిరోజే గరిష్ఠ జీ విన్యాసాలకు పంపడం అందుకే తప్పు.

17 గంటలు మేలుకున్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నప్పటి స్థాయికి జారుతుందని పరిశోధనల్లో తేలింది. నిద్ర మానుకోవడాన్ని పట్టుదలగా మెచ్చుకునే అలవాటు పోవాలి.

మెకానిక్‌ల సంగతి ఇంకా తక్కువగా చర్చకు వస్తుంది. తెల్లవారుజామున 3 నుంచి 5 గంటల మధ్య చురుకుదనం బాగా పడిపోతుంది. చేత్తో తిప్పి వదిలిన నట్టును నిర్ణీత బలంతో బిగించే టార్క్ రెంచ్‌తో బిగించేలోపు షిఫ్టు మారుతుంది. వచ్చినవారు అది పూర్తయిందనుకుని ప్యానెల్ మూసేస్తారు. సగంలో ఆగిన ప్రతి పనినీ లాగ్‌బుక్‌లో రాయాలి, విమానం పక్కనే నిలబడి అప్పగించాలి. విమానాన్ని అదుపు చేసే ఫ్లైట్ కంట్రోల్స్‌ను విప్పి బిగించినప్పుడు ఆ పని చేయని మరొకరు తనిఖీ చేయాలి. సార్టీల (విమానం ఎగిరి వచ్చే ఒక్కో విడత) ఒత్తిడి పెరిగితే ముందు కోత పడేది ఈ రెండో తనిఖీకే.

‘ఈ రోజు ఎగరలేను’ అన్న పైలట్ మాటను స్క్వాడ్రన్ కమాండర్ మచ్చగా రాయకూడదు. ఒక్కరికి అలా జరిగినా, మిగతావారు జలుబును, తలతిప్పును దాచుకుని కాక్‌పిట్ ఎక్కుతారు.