యుటిలిటీ బాల్కనీలో అరల కంటే ముందు గాలి, నీటి వాలు

వంటగది వెనుక ఉండే యుటిలిటీ బాల్కనీని బట్టలు ఉతికే గదిగా ఎలా మార్చుకోవాలో నేను చదివిన ఒక వ్యాసంలో వివరంగా చెప్పారు. కానీ వాషింగ్ మెషీన్‌ను అల్మరాలో పెట్టి తలుపులు మూసి ఉంచమన్న సలహాను మాత్రం ఒప్పుకోలేను. ముందు తలుపున్న మెషీన్లలో ఉతకడం అయ్యాక రబ్బరు అంచు మడతల్లో నీళ్లు నిలుస్తాయి. గాలి ఆడకపోతే అక్కడ నల్లటి బూజు పడుతుంది, ఆ ముక్కిపోయిన వాసన బట్టలకూ అంటుకుంటుంది. మెషీన్ తలుపు కాసేపు తెరిచి ఉంచే వీలు తప్పక ఉండాలి.

మెషీన్ వెడల్పు సుమారు 60 సెంటీమీటర్లు కదా అని అంతే చోటు వదిలితే చాలదు. వెనుక గొట్టాలకు కాస్త ఎడం, ముందు వంగి బట్టలు తీసుకునేంత జాగా కావాలి. పైమూత మెషీన్ అయితే మూత పూర్తిగా లేచే ఎత్తు చూసుకున్నాకే అర బిగించాలి. మెషీన్‌కు పెట్టే 16 ఆంపియర్ల కరెంటు సాకెట్‌ను కుళాయి కింద పెట్టనివ్వకండి. నేల వాలు నీళ్లు బయటికి పోయే జాలీ వైపే ఉందా అన్నది మేస్త్రీ ఉండగానే బకెట్ నీళ్లు పోసి చూడండి, తర్వాత సరిచేయాలంటే టైల్స్ పగలగొట్టాల్సిందే.

సబ్బుపొడికి బిగుతు మూత డబ్బా, పిల్లలకు అందని అర చాలు.

పైకప్పుకు కప్పీలతో వేలాడదీసే, బట్టలు ఆరేసే కడ్డీల గురించి వ్యాసంలో ఒక్క మాటా లేదు. ఒక్కో కడ్డీని విడిగా కిందికి దించుకోవచ్చు. మా అత్తగారు స్టూలు ఎక్కకుండానే చీరలు ఆరేస్తున్నారు.